స్టీలు గ్లాసులో పాత వైన్

రిటైరైనవాళ్లు జ్ఞాపకాలు రాసుకోవడం ఆనవాయితీ. నాకు ముప్పై మూడేళ్లు. బీపీ లేదు, పింఛను లేదు, శాలువా కప్పినవాళ్లూ లేరు. అయినా చేసిన ఉద్యోగం నుంచి పూర్తిగా తప్పుకున్నాను, ఆ పనికి మళ్లీ పనికిరాను కాబట్టి నేనూ రిటైరైనవాణ్నే. హోటల్ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నా, వైన్ సెక్షన్ ఎట్లుంటది?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఇది రాస్తున్నాను. ఇందులో మీకు నీతి ఏదైనా దొరికితే అది మీ అదృష్టం, నేను మాత్రం పెట్టలేదు.

మాది చిట్యాల పక్కన ఊరు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో తొమ్మిదేళ్లు వైన్ పోశాను. ఊళ్లో ఈ మాట చెబితే వైన్స్ దుకాణంలో కూర్చుంటానని అనుకునేవాళ్లు. మా బాపు మొదట్లో వాళ్లను సరిదిద్దేవాడు. తర్వాత విసిగిపోయి, ఎవరడిగినా "సర్వర్" అని చెప్పి ఊరుకునేవాడు. కంప్యూటర్ల పని అనుకున్నవాళ్లు కొందరు మర్యాద కూడా ఇచ్చారు.

పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గెస్టు పాత సీసా అడుగుతాడు. మనం దాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, పేరు చూపించి, బిరడా తీస్తాం. మా హోటల్లో ఒక పద్ధతి ఉండేది. పాతికేళ్లు నిలవున్న సీసా ఏదైనా సరే, గెస్టుకు పోసే ముందు మనం ఒక గుక్కెడు పోసుకుని, వాసన చూసి, రుచి చూసి, బాగుందంటేనే బల్ల మీదికి పోవాలి. ఎందుకంటే బిరడా ఒక్కోసారి మోసం చేస్తుంది. దానికి పట్టిన తెగులు వైన్‌కు అంటుకుంటే లోపలున్నది ఎంత గొప్పదైనా చెడిపోతుంది. తాగితే ప్రమాదం లేదు, కానీ ఆ వాసనకు ఎవరూ తాగరు.

ఆ వాసన ఎలా ఉంటుందో మాకు నేర్పింది ఉస్తాద్. మా సెక్షన్ పెద్దాయన. ముప్పై ఏళ్లకు పైగా అదే హోటల్లో, అదే తరహా నల్లకోటులో ఉన్నాడు. పాతబస్తీ మనిషి. చెడిన సీసా దొరికితే పారబోయకుండా దాచిపెట్టి, కొత్తవాళ్లకు వాసన చూపించేవాడు. "తడిసిన అట్టపెట్టె గుర్తుపెట్టుకో బేటా, జిందగీ మొత్తం పనికొస్తది" అనేవాడు. అందరం బుద్ధిగా తలాడించేవాళ్లం. ఒక ఏడాది పాలమూరు నుంచి కొత్తగా ఒక పిల్ల చేరింది. మొదటిరోజే గ్లాసులో ముక్కుపెట్టి, "ఉస్తాద్, గిది అట్టపెట్టె గాదు. తడిసిన గోనెసంచి" అంది.

"ఫరక్ ఏంది?" అన్నాడాయన.

"అట్టపెట్టె తడిస్తే పారేస్తం. గోనెసంచి తడిస్తే ఆరేస్తం. రెండిట్ల వాసన ఒక్కతీర్గ ఎట్లుంటది?"

ఉస్తాద్ ఆమెను చాలాసేపు చూశాడు. ఆ చూపుకు నాకు కొంచెం అసూయ కలిగింది. కొంచెమే. మిగతాది తర్వాత కలిగింది.

*

కరోనా రెండో విడతలో నాకు జ్వరమొచ్చింది. వారంలో జ్వరం పోతూ ముక్కును కూడా తీసుకుపోయింది. ముక్కు మొహం మీదే ఉంది, శ్వాస బాగానే ఆడుతోంది. వాసన మాత్రం లేదు. అమ్మ చింతపండు చారుకు పోపు పెడుతుంటే పక్కనే నిలబడి టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నట్టు చూశాను. దవాఖానకు పోతే డాక్టరు, "వస్తది, టైమ్ పడుతది" అన్నాడు.

"ఎంత టైమ్ సార్?"

"గది నీ ముక్కును అడగాలె."

అడిగాను. నెలల తరబడి అడిగాను. నిజం చెప్పాలంటే భయం కంటే వింతగా ఉండేది. ఉదయాన్నే వరసగా అన్నీ పట్టుకుని పరీక్షలు చేసేవాణ్ని. మల్లెపూలు, ఏమీ లేదు. కిరోసిన్, ఏమీ లేదు. కలరా ఉండ, ఏమీ లేదు. బాపు చెప్పులు, ఇక్కడ మాత్రం జబ్బు వల్ల ఒక మేలు ఉందని ఒప్పుకున్నాను. నాలుకకు పులుపు, తీపి, చేదు, వగరు తెలుస్తున్నాయి. మనం రుచి అనుకునేదంతా ముక్కు చేసే పని అనీ, పేరు మాత్రం నాలుకకు పోతుందనీ అప్పుడు అర్థమైంది. ఆఫీసుల్లో కూడా ఇంతే.

హోటల్ మళ్లీ తెరిచారు. చాలామందిని తిరిగి పిలవలేదు. నన్ను పిలిచారు. "ముక్కు పోయింది సార్" అని చెబితే వైన్ సెక్షన్‌లో నాకిచ్చే పని ఏముంటుంది? ఖాళీ సీసాలు మోయడమే. అందుకని చెప్పలేదు. ఇక్కడి నుంచి నేను ఉద్యోగం చేయలేదు, నటించాను.

నటన మరీ కష్టం కాదు. పాత వైన్ రంగు చాలా చెబుతుంది. గ్లాసు వంచి చూస్తే అంచు ఇటుకరంగులోకి తిరిగి ఉంటుంది, ఎంత తిరిగిందో దాన్నిబట్టి వయసు పట్టొచ్చు. గ్లాసు గోడమీద నుంచి అది కారే తీరు ఇంకొంత చెబుతుంది. పులుపు, వగరు నాలుక చెబుతుంది. మిగిలింది గెస్టు మొహం చూసి చదువుకోవాలి. గ్లాసులోకి ముక్కు దూర్చి, కళ్లు మూసుకుని, మూడు లెక్కపెట్టి "ఆహా" అనేవాణ్ని. ముక్కు ఉన్న రోజుల్లో కూడా నా "ఆహా" అంత బాగుండేది కాదు.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పెళ్లిరోజు చేసుకుంటున్న పెద్ద దంపతులు పాత సీసా ఒకటి అడిగారు. నేను తీశాను, పోసుకున్నాను, కళ్లు మూసుకుని "ఆహా" అన్నాను. పాలమూరు పిల్ల, మొహానికి మాస్కు ఉండగానే, ట్రేలో పెట్టుకుని తీసుకెళ్లి పోసింది. ఆ పెద్దాయన గ్లాసు పెదాల దాకా తెచ్చి కింద పెట్టేశాడు. "బాబూ, ఇది కంపు కొడుతోంది" అన్నాడు, చాలా మర్యాదగా. పెళ్లిరోజున మనిషి నోట ఆ మాట వచ్చిందంటే సీసా ఎంత చెడిపోయి ఉండాలి!

మేనేజరు వచ్చాడు. "ఇది ఎవరు చూశారు?" అన్నాడు.

నేను రెండు క్షణాలు ఆగాను. అంతే, రెండు క్షణాలు. అంతలోనే ఆ పిల్ల, "నేనే చూసిన సార్, మిస్సయింది" అంది.

ఆ మాట విన్నాక కూడా నేను నోరు తెరవలేదు. మర్నాటి నుంచి ఆమెను పొద్దుటి టిఫిన్ల దగ్గరికి మార్చారు. అంత పదునైన ముక్కును తీసుకెళ్లి ఇడ్లీ ఆవిరి ముందు నిలబెట్టారు. ఉస్తాద్ దిగులుపడి, "ఆ పిల్ల ముక్కు పక్కా అనుకున్న. కచ్చా నిలిచింది" అన్నాడు. నేను తలాడించాను. తలాడించడంలో నాకు మొదటినుంచీ మంచి అనుభవం ఉంది.

కారిడార్‌లో కనపడినప్పుడు "ఎందుకట్ల చెప్పినవ్?" అని అడిగాను.

"ఊకో అన్నా. నాకు ఇంకా పేరే రాలే. పోయేదేముంది?" అని, ఇడ్లీ పాత్రలు తోసుకుంటూ వెళ్లిపోయింది.

*

ఆ తర్వాత కొన్ని నెలలకే ఉస్తాద్ రిటైరయ్యే రోజు వచ్చింది. తన జాగాలో ఎవరిని పెట్టాలో ఆయన చెబితే హోటల్ వింటుందని అందరికీ తెలుసు. వరసలో ముందున్నది నేను. ఆ ఇడ్లీల సంగతి జరగకపోతే ముందుండేది ఆమె. ఉస్తాద్ మా ఇద్దరినీ పిలిచి, "ఇరవై ఏళ్ల నుంచి దాచిన మూడు సీసలున్నయ్. పెద్దమనుషులిచ్చినవి. ఒక్కణ్నే తాగితే పాపం. దావత్ చేసుకుందం" అన్నాడు. "ఆ పిల్లకు ఇంకో మోఖా ఇస్త. పేర్లు కనపడకుండ కాయితం చుట్టి తెస్త. మీరిద్దరు తాగి చెప్పాలె, ఏది ఏందో. పరీక్ష గాదు, ఉత్తగ దావత్."

పరీక్ష కాదని ఎవరైనా చెబితే అది పరీక్షే. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

దావత్ ఎక్కడంటే పానగల్‌లో. మా హోటల్లోనే వంటవాడుగా చేసే నా దోస్తు ఇల్లు అక్కడ. వాళ్లది గొర్రెలు కాసే కుటుంబం. "మా మంద పొట్టేలు, నా చేతి వంట, ఉస్తాద్ సీసలు" అని వాడు ఒప్పందం కుదిర్చాడు. ఒక ఆదివారం నలుగురం కారులో బయల్దేరాం. మూడు సీసాలూ నా ఒళ్లో ఉన్నాయి. ఒక్కోదానికి న్యూస్‌పేపరు చుట్టి దారం కట్టి ఉంది. ఒకటోదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. హైవే మీద స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఉస్తాద్ వెనక్కి తిరిగి, "పైలం బేటా" అనేవాడు. నేను పైలమేనా అని మాత్రం ఆయన అడగలేదు.

నాకు భయం లేదు, ఎందుకంటే సగం జవాబు నాకు ముందే తెలుసు. ఏడేళ్ల కింద ఒక పండుగ రోజు ఉస్తాద్ తనదగ్గరున్న మూడు సీసాల గురించి నాకు గంటసేపు చెప్పాడు. ఒకటి ఫ్రాన్స్‌లోని బోర్డో, ఒకటి ఇటలీ బరోలో, ఇంకొకటి మళ్లీ ఫ్రాన్స్‌దే, బర్గండీ. ఆ బర్గండీ అంటే ఆయనకు ప్రాణం. ఫ్రిజ్‌లో కూరగాయల అర కింద, కరివేపాకు పక్కన దాన్ని ఏళ్లతరబడి పడుకోబెట్టాడు. చెప్పిన సంగతి ఆయన మరిచిపోయాడు, నేను మరవలేదు. ఏది ఏ గ్లాసులో ఉందో పట్టుకోవడమే మిగిలింది. రంగు చూస్తే చాలు. బర్గండీ పల్చగా, బోర్డో చిక్కగా, బరోలో ఇటుకరంగులో ఉంటాయి. చూసి చెప్పేయొచ్చు. ముక్కుతో పనే లేదు.

పొద్దు వాలే వేళకు పానగల్ చేరాం. వాకిట్లో మంచాలు వేసి ఉన్నాయి. వెనక కట్టెల పొయ్యి మీద మటన్ ఉడుకుతోందట. "వాసన చూసినవా మామా!" అని దోస్తు అడిగితే, "అబ్బ!" అన్నాను. ఉస్తాద్ హైదరాబాద్ నుంచి బట్టలో చుట్టి మోసుకొచ్చిన గాజు గ్లాసులను బల్లమీద పేర్చాడు. అప్పుడు దోస్తు వాళ్ల అవ్వ వచ్చింది. పల్చటి మనిషి, తెల్లటి జుట్టు, చేతులకు వెండి కడియాలు. గ్లాసులను చూసింది, వాకిలి ముందు బజారును చూసింది.

"గివి లోపల పెట్టున్రి కొడుకా" అంది.

"ఎందుకవ్వా?" అన్నాడు ఉస్తాద్.

"గాజు గ్లాసుల పోస్తే బజార్ల పోయేటోడు ప్రతొక్కడు 'ఏం తాగుతున్నరే' అనుకుంట అచ్చి కూసుంటడు. మీకు మిగలది. స్టీలు గ్లాసుల పోస్తే మజ్జిగ అనుకుని పోతరు."

వాదించడానికి లేకుండా ఉంది. ఉస్తాద్ ఒక నిమిషం ఆలోచించి, "సహీ మాట అవ్వా. రంగు కనపడకపోతే ఇంకా మంచిది. అసలైన పరీక్ష" అన్నాడు. పరీక్ష కాదన్న మనిషి.

స్టీలు గ్లాసులో పాతికేళ్ల వైన్ అయినా, నిన్నటి పుల్లమజ్జిగ అయినా కనపడేది ఒకటే, మన మొహం.

ఆ ఇంట్లో చుట్టాలకు పోసే హక్కు అవ్వది. చాయ్ అయినా, కల్లు అయినా ఆమె చేత్తోనే పోయాలి. వేరేవాళ్లు ముట్టుకుంటే ఊరుకోదట. దోస్తు మూడు సీసాల బిరడాలూ తీసి అవ్వకు అప్పగించి, మటన్ మాడుతోందని పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు. ఉస్తాద్ లోపలికి పోలేదు. "నేను పోతే నా మొహం చూసి వీళ్లు చెప్పేస్తరు" అని మంచం మీదే కూర్చున్నాడు. "ఒక ముడిది మొదలు, రెండు ముళ్లది తర్వాత, మూడు ముళ్లది ఆఖరుకు" అని అవ్వకు మాత్రం చెప్పాడు.

"పిల్లకు గూడ పోయాల్నా?" అని అవ్వ పాలమూరు పిల్లను చూపించి అడిగింది.

"పోయి అవ్వా. గది నా నౌకరి" అందామె.

అవ్వ కాసేపు ఆలోచించి, "మంచి నౌకరే" అంది.

*

మొదటి గ్లాసు వచ్చింది. ముక్కు దూర్చాను, కళ్లు మూశాను, మూడు లెక్కపెట్టాను. స్టీలు తప్ప ఏమీ లేదు, అది కూడా చల్లగా తగలడమే. తాగాను. వగరు ఉంది కానీ అణిగిపోయి మెత్తబడిన వగరు. పులుపు సమంగా ఉంది. "బోర్డో" అన్నాను. ఆమె గ్లాసును రెండుసార్లు వాసన చూసి, "నాకు గూడ గదే అనిపిస్తాంది" అంది. ఉస్తాద్ మీసాల్లో నవ్వాడు.

రెండోది తాగితే పచ్చి నేరేడు తిన్నట్టు నాలుక పట్టేసింది. ఇదైతే ముక్కు లేనివాడికే కాదు, తల లేనివాడికీ తెలుస్తుంది. "బరోలో." ఆమె కూడా అదే అంది. "గులాబీలు ఎండబెట్టి, పక్కనే రోడ్డు మీద తారు పోసినట్టుంది" అని కలిపింది. ఉస్తాద్ తొడ చరిచాడు. నేను ఆమె వైపు చూశాను. ఇడ్లీ ఆవిరి ముందు ఇన్నాళ్లు నిలబడ్డా ఆ ముక్కుకు ఏమీ కాలేదు. నాకు సంతోషమో, దిగులో తెలియలేదు. రెండూ స్టీలు గ్లాసులో పోస్తే ఒకేలా కనపడతాయి.

మూడో గ్లాసు రావడానికి కొంత ఆలస్యమైంది. లోపల అవ్వ ఏవో చెంబులు కదిలిస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత గ్లాసులు పట్టుకొచ్చి అందరికీ ఇచ్చింది.

తాగాను. నాలుక మళ్లీ పట్టింది. బర్గండీ ఇలా పట్టకూడదు. మెత్తగా జారిపోవాలి. నా నాలుక నాకు స్పష్టంగా చెప్పింది, "అరే, ఇది అది కాదు" అని. కానీ సీసాలు మూడు, రెండు అయిపోయాయి, మిగిలింది ఒకటే. లెక్క ముందు నాలుక ఎంత? నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. "ఇది బర్గండీ ఉస్తాద్. పాతిక పైనే ఉంటుంది వయసు. వాన వెలిశాక అడవిలో నడుస్తున్నట్టుంది. రాలిన ఆకులు. ఎక్కడో పుట్టగొడుగులు. చివర్లో..." ఏం చెప్పాలో తోచక ఆగాను. ఆ ఆగడం కూడా అనుభూతిలాగే కనపడింది.

ఉస్తాద్ కూడా గుక్కెడు తాగాడు, కళ్లు తడిశాయి. గ్లాసు గుండెలకు ఆనించుకున్నాడు. "అవును బేటా. గిదే. ఇరవై ఏండ్లు పండబెట్టిన. రాలిన ఆకులు... క్యా బాత్ హై!"

ఆమె మాత్రం వాసన చూసింది, తాగింది, మళ్లీ వాసన చూసింది. "నువ్వేమంటవ్ బేటీ?" అన్నాడు ఉస్తాద్.

"తప్పయితే ఏమనుకోకున్రి ఉస్తాద్. గిది వేరే సీస గాదు. మొదటిది, రెండోది కలిసినట్టుంది."

"ఏందీ?"

"బోర్డో గూడ ఉంది, గులాబీ గూడ ఉంది, తారు గూడ ఉంది. అడివి మాత్రం లేదు. నాకు దొరకుత లేదు."

ఉస్తాద్ మొహంలో వెలుగు తగ్గింది. కోపం లేదు, జాలి ఉంది, అది ఇంకా అన్యాయం. "పోనీ బేటీ. రెండు కరెక్టుగ చెప్పినవ్ గద. మూడోది కష్టం. పాత ముక్కులకే దొరుకుతది" అని, నా భుజం మీద చెయ్యి వేశాడు. నా ఉద్యోగ జీవితంలో అది శిఖరం. అక్కడ నేను ఉన్నది బహుశా పదిహేను క్షణాలు.

అవ్వ లోపలినుంచి మూడు ముళ్ల సీసా పట్టుకుని వచ్చింది. నిండుగా ఉంది.

"కొడుకా, ఏమనుకోకు. గీ సీస మాత్రం ఖరాబైంది" అంది ఉస్తాద్‌తో. "మూత తీసి పెట్టిండు గద, పోద్దమని ఎత్తిన. గుప్పున వాసన. ఇంటికొచ్చినోళ్లకు గిసొంటిది ఎట్ల పోస్త? ఊకె కూసోబెట్టుడు గూడ మంచిగుండదు. గందుకే ఆ రెండు సీసలల్ల మిగిలింది కలిపి అందరికి సరిపోయేటట్టు పోసిన. అడుగున మడ్డి ఉంటే బట్టల వడగట్టిన."

వెనక నుంచి దోస్తు, "ఉప్పు సరిపోయిందో జర చూడున్రే!" అని అరిచాడు. ఎవరూ పోలేదు.

"ఏం వాసనవ్వా?" అని పాలమూరు పిల్లే అడిగింది, నెమ్మదిగా.

"ఏం వాసనేంది బిడ్డా, తడిసిన గోనెసంచి." అవ్వ అందరి మొహాలూ చూసింది. "అగో, గిదేందో పెద్ద పంచాది అయినట్టున్నది. వందపిల్లలల్ల గొర్రె తన పిల్లను వాసన పట్టి దొరకవడ్తది. మీకు మూడు సీసలకే గింత పరేషానా?"

ఉస్తాద్ ఆ సీసా అందుకుని వాసన చూశాడు. మొహం తిప్పుకున్నాడు. తన చేతిలోని స్టీలు గ్లాసును చూశాడు. దాన్ని తాగే కదా ఇంతకుముందు కళ్లు తడిచేసుకున్నది. తర్వాత నన్ను చూశాడు.

"రాలిన ఆకులు?" అన్నాడు.

నా దగ్గర జోకులు ఎప్పుడూ నిలవ ఉంటాయి. ఆ క్షణం అలమర తెరిచి చూస్తే ఖాళీ.

"నాకు వాసన రాదు ఉస్తాద్" అన్నాను. "కరోనా నుంచి. మీ దగ్గరున్న సీసల పేర్లు మీరే చెప్పిన్రు, ఏడేండ్ల కింద. పెళ్లిరోజు బల్ల మీది సీస చూసింది గూడ నేనే. గీమె గాదు."

ఇంత చిన్నదా అనిపించింది. దాదాపు రెండేళ్లు మోసిన మూట విప్పితే నాలుగు వాక్యాలు.

నేను ఆమె వైపు తిరిగాను. క్షమించమని అడగాలని నోరు తెరిస్తే, "నాకు ఎరికే అన్నా" అంది.

"ఏం ఎరిక?"

"నీ ముక్కు సంగతి. వంటింట్ల గ్యాస్ లీకైన దినం అందరం బయటికి ఉరికినం. నువ్వు లోపల సిలిండర్ పక్కన నిలబడి ఈల ఏసుకుంట నాప్కిన్లు మడతపెడ్తున్నవ్. నేనే గద చెయ్యి పట్టి గుంజుకొచ్చింది. నువ్వు చెప్తవని చూసిన. చెప్పలే."

"మరి ఆ రోజు ఎందుకు మీదేసుకున్నవ్?"

"నువ్వే చెప్తవనుకున్న, రెండు రోజులకో, మూడు రోజులకో." గ్లాసులో మిగిలింది తాగి, "బాగనే చెప్పినవ్. ఏడు నెలలకు" అంది.

దీనికంటే తిడితే బాగుండేది.

అప్పుడు ఉస్తాద్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత మంచం కిర్రుకిర్రుమనేలా. "నీకు ముక్కు లేదు, అబద్ధం చెప్పినవ్. నాకు ముక్కుంది బేటా! ఉండి గూడ ఏడ్చిన! పేరు ముందే తెలిసినోని ముక్కు పనిచెయ్యదు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, ఆమె ముందు తల కొంచెం వంచాడు. "కచ్చా నిలిచింది నా ముక్కు బేటీ. నీది గాదు. మాఫ్ చెయ్యి." ముప్పై ఏళ్ల పైబడిన సర్వీసులో ఆయన ఎవరికీ అలా చెప్పడం నేను చూడలేదు.

తర్వాత మటన్ తిన్నాం. ఉప్పు ఎక్కువైంది. నాలుక పనిచేస్తోంది కాబట్టి ఆ సంగతి నేనే ముందు చెప్పాను. రుచి గురించి ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నమ్మదగిన మాట అది.

తినేటప్పుడు చెడిన సీసాను చేతి నుంచి చేతికి తిప్పారు. నా దగ్గరికి వచ్చినప్పుడు అందరూ ఆగి చూశారు. పీల్చాను. ఏమీ లేదు. "ఎట్లుంటది?" అని అడిగాను. మొదటిసారి నటన లేకుండా, నిజంగా తెలుసుకోవాలని. ముగ్గురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఉస్తాద్ అట్టపెట్టె అన్నాడు. దోస్తు వానకు తడిసిన గొంగడి అన్నాడు. ఆమె గోనెసంచి మీదే నిలబడింది. అవ్వ మధ్యలో కలగజేసుకుని, "మాటలతోని వాసన వస్తదా పిచ్చోళ్లారా? వచ్చిన్నాడు వస్తది. పిల్లగాణ్ని తిననియ్యున్రి" అంది.

*

మర్నాడు ఉస్తాద్ ఆమె పేరు చెప్పాడు. నేను మేనేజరు దగ్గరికి వెళ్లి పెళ్లిరోజు బల్ల సంగతి చెప్పి, రాజీనామా కాగితం ఇచ్చాను. ఆయన చదివి, "కారణం రాయలేదేం?" అన్నాడు. "ముక్కు" అన్నాను. ముక్కు మీది కోపం అనుకున్నట్టున్నాడు, ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చేశాను. ఇప్పుడు చిట్యాల హైవే పక్కన మా దోస్తు కూడా హోటల్ మానేసి మొదలుపెట్టిన భోజనశాలలో లెక్క చూస్తాను, బాపుతో పొలం చేస్తాను. వైన్ జోలికి పోలేదు. ఊళ్లో మాత్రం "వైన్స్ ల నౌకరి పోయిందట" అని రెండు నెలలు సానుభూతి చూపించారు.

గత యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచింది. టార్పాలిన్లు కప్పేలోపే సగం బస్తాలు తడిశాయి. వాన వెలిశాక అందరూ బస్తాలు విప్పి, చేతులు పెట్టి చూసుకుంటూ, మబ్బును తిట్టుకుంటూ తిరుగుతున్నారు. నేను ఒక బస్తా ఎత్తి భుజం మీద పెట్టుకున్నాను. ముక్కుకు ఆనింది.

ఏదో ఉంది.

దించాను. మళ్లీ ఆనించాను. పల్చగా, దూరంగా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. మట్టి, నార, ముక్కిపోయిన తడి. అట్టపెట్టె కాదు. గొంగడి కూడా కాదు. ఆమె చెప్పిందే నిజం.

చుట్టూ ఊరు ఊరంతా తలలు పట్టుకుని కూర్చుంటే, నేనొక్కణ్ని తడి బస్తాకు మొహం ఆనించి నవ్వుతున్నాను. బాపు దూరం నుంచి చూసి, "అరేయ్, వడ్లు మొలకలొచ్చేటట్టుంటే నీకు నవ్వెట్లొస్తాందిరా?" అని కేకేశాడు.

"వాసనొస్తాంది బాపు!"

"రాదా మరి? తడిసినై గద!" అన్నాడాయన.

పక్కకు వెళ్లి ఆమెకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆ సెక్షన్ మొత్తం ఆమెదే. కొత్తవాళ్లకు తర్ఫీదు ఇస్తున్నట్టుంది, వెనక గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. సంగతంతా చెప్పాను.

"గోనెసంచేనా?" అంది.

"గోనెసంచే."

"అట్టపెట్టె గాదు గద?"

"గాదు."

"ఉండన్నా" అని, ఫోన్ పక్కకు పెట్టి, లోపల ఎవరితోనో గట్టిగా అనడం వినిపించింది: "ఇన్నరా? రాసుకోన్రి. తడిసిన గోనెసంచి. సాక్ష్యం గూడ దొరికింది."